డబ్బాలో మిగిలిన స్ట్రిప్

"వేసుకోలేదు కదా?" డాక్టరమ్మ మొదట అడిగింది అదే. ఆమె చేతిలో మా ఇంటి మాత్రల స్ట్రిప్. పోయినేడు నా జ్వరానికి తెచ్చిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, నాలుగు మిగిలినాయి.

చెల్లెలికి ఆరో నెల, మూత్రం మంట. "ఉండాయి కదా, ఒకటెయ్యి" అనింది అమ్మ. ఎందుకో అనుమానమొచ్చి, బ్యాగులో వేసుకొని కడపకు పోయినాం.

నాలుగో నెల దాటినాక ఆ డాక్సీసైక్లిన్ పడితే బిడ్డ పాలపళ్లకు పసుపు మరక పట్టొచ్చంట. మూత్రంలో ఏ క్రిమి ఉందో తెలిసే పరీక్షకు (యూరిన్ కల్చర్) పంపి, సెఫలెక్సిన్ అనే వేరే యాంటీబయాటిక్ రాసింది. కడుపుతో ఉన్నోళ్లకు మామూలుగా ఇచ్చేదేనంట.

ఇంటికొస్తే అమ్మది ఇంకో పాట: "కడుపుతో ఉండి మాత్రలేందే? బార్లీ నీళ్లు తాగు, పోతాది." పొద్దున ఒకటెయ్యమనింది ఈమెనే! వదిలేస్తే ఆ ఇన్ఫెక్షన్ కిడ్నీలకెక్కి, నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చని చెప్పినా. నమ్మినట్టు లేదు.

చెల్లెలు మాత్ర మింగింది, బార్లీ నీళ్లతోనే.