ధ్రువం మీద నిలబడితే ఏ దిక్కు ఎటు?

ఉత్తర ధ్రువం మీద నిలబడిన మనిషికి ఎటు చూసినా దక్షిణమే అని చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. ఆ మాట దగ్గరే ఆగిపోవడం వల్ల అసలు విషయం చేతికి అందకుండా పోతోందని నా అభిప్రాయం. దిక్కు భూభ్రమణం నుంచి పుడుతుంది, బరువు భూమి ద్రవ్యరాశి నుంచి పుడుతుంది, దిక్సూచి ముల్లును తిప్పే బలం భూగర్భంలో కదిలే ద్రవ ఇనుము నుంచి పుడుతుంది. జనం నివసించే చాలా చోట్ల ఇవి ఒకదానికొకటి పొసగినట్టే కనిపిస్తాయి కనుక ఒకటే అనుకుంటాం. అవి విడివిడిగా కనిపించేది ధ్రువాల దగ్గరే.

ముందుగా దిక్కు. తూర్పు అంటే భూమి తిరిగే వైపు. సరిగ్గా ధ్రువబిందువు ముందుకు సాగదు, ఉన్నచోటనే తిరుగుతుంది కాబట్టి అక్కడ తూర్పు, పడమర అనే మాటలకు అర్థం ఉండదు. ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు, నాలుగు దిక్కులూ తిరిగి వస్తాయి. అయితే అక్కడ తూర్పుకే నడవాలనుకున్నవారు ఎడతెగకుండా మలుపు తిరుగుతూ, కొద్ది అడుగుల్లోనే రేఖాంశాలన్నింటినీ దాటేస్తారు. ఇలాంటి దిక్కులతో దారి వెతకడం అసాధ్యం కనుక ధ్రువప్రాంత యాత్రికులు, విమాన చోదకులు పటం మీద సమాంతర గీతల చట్రం పరుచుకుంటారు. దక్షిణ ధ్రువంలోని అమెరికా పరిశోధన కేంద్రమైన అముండ్‌సెన్-స్కాట్‌లో గ్రీనిచ్ రేఖాంశం సాగే వైపును ‘చట్రపు ఉత్తరం’గా పిలుస్తారు. ఇందులో నాకు ఎంతో నచ్చిన సౌలభ్యం ఒకటుంది: ధ్రువం వద్ద సూర్యుడు దాదాపు ఒకే ఎత్తులో గంటకు 15 డిగ్రీల చొప్పున చుట్టూ తిరుగుతాడు కాబట్టి, గ్రీనిచ్ కాలం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు అతడు ఉన్న వైపే సుమారుగా గ్రీనిచ్ రేఖాంశం. అంటే ఆరు నెలల పగటికాలంలో గడియారమే దిక్కు చెబుతుంది.

గురుత్వాకర్షణ విషయంలో ఇంత చిక్కు లేదు. కింద అంటే భూకేంద్రం వైపు అని గుర్తుంచుకుంటే, దక్షిణ ధ్రువంలో ఉన్నవారు తలకిందులుగా ఎలా నిలబడతారన్న ప్రశ్నే తలెత్తదు. మారేది దాని తీవ్రత. సముద్రమట్టం వద్ద గురుత్వ త్వరణం భూమధ్యరేఖ మీద 9.780, ధ్రువాల వద్ద 9.832 మీటర్లు/సెకను². భూమధ్యరేఖ వద్ద సరిచూసుకున్న స్ప్రింగ్ త్రాసు మీద 70 కిలోలు తూగిన మనిషి ఉత్తర ధ్రువంలో సుమారు 370 గ్రాములు ఎక్కువ తూగుతాడు. రెండు పళ్లాల త్రాసులో మాత్రం ఆ తేడా కనిపించదు, ఎందుకంటే తూనికరాళ్లూ అదే నిష్పత్తిలో బరువెక్కుతాయి. ధ్రువం భూకేంద్రానికి 21 కిలోమీటర్లు దగ్గరగా ఉండటమే దీనికి కారణమని చాలాచోట్ల రాస్తారు గానీ, అది పాక్షిక సత్యం. 0.052 తేడాలో 0.034 భ్రమణం వల్ల బయటికి నెట్టినట్టు కలిగే అపకేంద్ర ప్రభావానిదే, మిగిలిన 0.018 మాత్రమే భూమి ఆకారం వల్ల వస్తుంది. 1672లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరలోని కయెన్‌కు తీసుకువెళ్లిన లోలక గడియారం రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమి ధ్రువాల వద్ద నొక్కుకుపోయి, భూమధ్యరేఖ వద్ద ఉబ్బి ఉందన్న తన వాదానికి న్యూటన్ ఈ పరిశీలనను ఆధారంగా తీసుకున్నాడు.

అసలు తికమకంతా అయస్కాంతత్వం దగ్గర ఉంది. దిక్సూచి ముల్లు భౌగోళిక ధ్రువాన్ని చూపదు. అది నిలిచిన చోట భూ అయస్కాంత క్షేత్రం ఎటు సాగుతోందో అటు తిరుగుతుంది. ఆ క్షేత్రం నిట్టనిలువుగా భూమిలోకి దిగే చోటే ఉత్తర అయస్కాంత ధ్రువం. 1831 జూన్ 1న ఉత్తర కెనడాలోని బూథియా ద్వీపకల్పంలో బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ దానిని చేరుకున్నప్పుడు నిలువుగా తిరిగే సూది 89 డిగ్రీల 59 నిమిషాల వాలు చూపింది. అడ్డంగా తిరిగే ముల్లును ఒక వైపుకు లాగే బలమే అక్కడ మిగలలేదు. ధ్రువాల వద్ద దిక్సూచి బలహీనపడుతుందని విని క్షేత్రమే బలహీనమని కొందరు భావిస్తారు. నిజానికి అక్కడ క్షేత్రం సుమారు 60 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం), భూమధ్యరేఖ దగ్గర ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అయితే ఆ బలమంతా కిందికే లాగుతుంది.

దక్షిణాన పరిస్థితి మరింత విచిత్రం. 1909 జనవరి 16న ధ్రువ యాత్రికులు ఎడ్జ్‌వర్త్ డేవిడ్, డగ్లస్ మాసన్, అలిస్టర్ మెకే అంటార్కిటికా మంచు పీఠభూమి మీద చేరుకున్న దక్షిణ అయస్కాంత ధ్రువం తరువాత జరుగుతూ జరుగుతూ ఖండాన్నే విడిచింది. ఇప్పుడు అది అంటార్కిటికా తీరం అవతలి సముద్రంలో, భౌగోళిక ధ్రువానికి 2,800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ముల్లు ఉత్తరపు కొన దక్షిణ అయస్కాంత ధ్రువానికి ఎదురు వైపు తిరుగుతుంది కాబట్టి, ఆ రెండు ధ్రువాల నడుమ నిలబడినవారికి దిక్సూచిలోని ‘ఉత్తరం’ సూటిగా భౌగోళిక దక్షిణ ధ్రువాన్నే చూపిస్తుంది. దిక్సూచిలో లోపమేమీ లేదు. మనం దానిని అడిగే ప్రశ్న వేరు, అది చెప్పే జవాబు వేరు.

ఉత్తర అయస్కాంత ధ్రువం ఈ శతాబ్దారంభంలో ఏడాదికి 50 కిలోమీటర్లకు పైగా వేగంతో కెనడా నుంచి సైబీరియా వైపు పరుగు తీసింది. దాదాపు 2,900 కిలోమీటర్ల లోతులో మొదలయ్యే బాహ్య కేంద్రకంలోని ద్రవ ఇనుము ప్రవాహాలు మారడమే దీనికి మూలం. అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఐదేళ్లకోసారి సరిదిద్దే ప్రపంచ అయస్కాంత నమూనా ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. ఓడలు, విమానాలు, ఫోన్లలోని దిక్సూచులు నిజమైన ఉత్తరాన్ని లెక్కగట్టేది ఆ నమూనాతోనే కనుక, గడువు 2020 వరకు ఉన్నప్పటికీ 2019లోనే దానిని మళ్లీ సవరించవలసి వచ్చింది.