మధ్యలో దుబాసీని

మా అమ్మాయికి ఈ ఏడాది ఇంగ్లీషు క్లాసులో ఒక పాత నవల ఇచ్చారు. క్యాథరిన్ మరియా సెడ్జ్‌విక్ అనే ఆవిడ 1827లో రాసిన 'హోప్ లెస్లీ'. ఆ కాలపు ఇంగ్లీషు కొరుకుడు పడటం లేదంటే, సాయం చేద్దామని పక్కన కూర్చున్నాను. చివరికి దానికంటే ముందు నేనే పూర్తిచేశాను.

కథ 17వ శతాబ్దపు మాసచూసెట్స్‌లో నడుస్తుంది. దాని వెనక పీక్వాట్ అనే ఆదివాసీ తెగతో ఇంగ్లీషువాళ్లు చేసిన యుద్ధం ఉంది. 1637 మే నెలలో ఇంగ్లీషు సైనికులు, వాళ్లతో కలిసిన మొహీగన్, నారగాన్‌సెట్ అనే వేరే తెగల యోధులు మిస్టిక్ దగ్గర పీక్వాట్ల కోటను తెల్లవారుజామున చుట్టుముట్టి నిప్పుపెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు వందలమంది చనిపోయారు. 1638 ఒప్పందంలో 'పీక్వాట్' అనే పేరే ఉండకూడదన్నారు. మేముండేది కనెటికట్‌లోనే. ఎన్నో ఎండాకాలాలు ఆ మిస్టిక్‌కే సముద్రం చూడ్డానికి వెళ్లాం, ఈ సంగతి తెలియకుండానే.

గెలిచినవాళ్లు రాసుకున్న చరిత్రలు చదువుకుని, ఆ రాత్రిని మాత్రం మగావిస్కా అనే పీక్వాట్ అమ్మాయి నోట చెప్పించింది సెడ్జ్‌విక్. ఆ ధైర్యానికి నేను ఆవిడకు దండం పెడతాను.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఘట్టం. కథానాయిక హోప్ చెల్లెలు ఫెయిత్‌ను చిన్నప్పుడే పీక్వాట్లు ఎత్తుకుపోతారు. ఆ పిల్ల వాళ్లలోనే పెరిగి, మగావిస్కా తమ్ముణ్ణి పెళ్లి చేసుకుంటుంది. ఏళ్ల తర్వాత అక్కాచెల్లెళ్లు కలిస్తే, చెల్లెలికి ఇంగ్లీషు రాదు. మధ్యలో మగావిస్కా దుబాసీ. చెల్లెలి వేషం చూడలేక, పైన కప్పుకున్నది తీసెయ్యమని సైగ చేస్తుంది హోప్. అది తీస్తే లోపల ఉన్నవీ తోలు బట్టలే.

అక్కడ పుస్తకం మూసేశాను. ప్రతి ఆదివారం మా అమ్మకు వీడియో కాల్ చేసేముందు నేను చేసేదీ ఇదే. అమ్మాయిని టీషర్టు మీద చున్నీ వేసుకోమంటాను, బొట్టు పెట్టుకోమంటాను. తెనాలి నుంచి అమ్మ "ఏం తల్లీ, చిక్కిపోయావేంటి?" అంటుంది. పిల్ల నవ్వి నా వైపు చూస్తుంది. దానికి అర్థమవుతుంది, నోరు తిరగదు. "బాగానే తింటోందమ్మా" అని జవాబు నేనే చెప్పేస్తాను. ఇన్నేళ్లుగా వాళ్లిద్దరి మధ్య దుబాసీని నేను.

ఇది సెడ్జ్‌విక్ ఊహ మాత్రమే కాదు. ఆవిడ తల్లి తరఫు దూరపు బంధువు యూనిస్ విలియమ్స్‌ను 1704లో మాసచూసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ ఊరి మీద జరిగిన దాడిలో, ఏడేళ్ల వయసులో ఎత్తుకుపోయారు. యూనిస్ మోహాక్ అనే ఆదివాసీ తెగలో పెరిగింది, అక్కడే పెళ్లాడింది, ఇంగ్లీషు మరిచిపోయింది. తండ్రి వచ్చి బతిమాలినా వెనక్కి రాలేదు. ఆ తండ్రి గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. మా పిల్లను ఎవరూ ఎత్తుకురాలేదు. మేమే తెచ్చాం.

నవల చివర మగావిస్కా తనవాళ్లతో పడమటి అడవుల్లోకి వెళ్లిపోతుంది. ఆ ముగింపు నాకు నచ్చలేదు. పీక్వాట్లు ఎక్కడికీ పోలేదు. మా కనెటికట్‌లోనే మాషంటకెట్‌లో వాళ్ల మ్యూజియం 1998 నుంచీ ఉంది. అమ్మాయిని తీసుకుని వెళ్లాం. అక్కడ నిలువెత్తు బొమ్మలతో కట్టిన పాత పీక్వాట్ పల్లె మధ్య నిలబడి, "వీళ్ల భాష ఇప్పుడు ఎవరికైనా వచ్చా?" అని అడిగింది.

ఇంటికొచ్చి ఇద్దరం వెతికాం. ఫిడీలియా ఫీల్డింగ్ అనే మొహీగన్ ఆవిడ కనిపించింది. మొహీగన్-పీక్వాట్ భాషను ధారాళంగా మాట్లాడిన చివరి మనిషి, 1908లో పోయింది. పుట్టింది 1827లో, ఈ నవల వచ్చిన ఏడాదే. ఆ భాషలో ఆవిడ రాసుకున్న డైరీల ఆధారంగా మొహీగన్లు ఇప్పుడు మళ్లీ నేర్చుకుంటున్నారు. ఆవిడకు ఆ భాష నేర్పింది వాళ్ల అమ్మమ్మ.

"అమ్మమ్మా?" అంది మా అమ్మాయి.

పోయిన ఆదివారం చున్నీ సంగతి నేను ఎత్తలేదు. ఫోను దాని చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి దగ్గర నిలబడ్డాను. చాలాసేపు అటూ ఇటూ మాటల్లేవు. తర్వాత మెల్లగా, ఒక్కో అక్షరం కూడగట్టుకుంటూ, "అమ్మమ్మా, నువ్వు... ఏం తిన్నావు?" అని వినిపించింది.

అమ్మ గొంతు వణికింది. "ఊరికే, పప్పూ అన్నమేనే తల్లీ" అంది.

"మమ్మీ, ఊరికే అంటే ఏంటి?" అని కేకేసింది పిల్ల.

"అమ్మమ్మనే అడుగు" అన్నాను.