చెమటలో నిలిచే రక్షణ
ఆరుబయట పరుగెత్తడం అలవాటయ్యాక, సన్‌స్క్రీన్ ఎంచుకోవడం కన్నా దాన్ని చెమటలో నిలుపుకోవడమే పెద్ద పని అని నాకు అర్థమైంది. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో తెలిపే అంకె) 30 ఉన్న క్రీము, చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని, 50 ఉన్నది దాదాపు 98 శాతాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, ఆ తేడా గురించి తలబద్దలు కొట్టుకోవడం దండగ. అసలు సంగతి రాసుకునే మోతాదులో ఉంది. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి ఆ అంకెను తేలుస్తారు. మనమేమో పొదుపుగా పలచగా పులుముకొని, పూర్తి రక్షణ దొరికిందనుకుంటాం.

నుదుటి మీద రాసిన క్రీము చెమటతో కలిసి కళ్లలోకి దిగితే భగ్గుమని మండుతుంది, తువ్వాలుతో తుడుచుకుంటే మండే క్రీముతో పాటు రక్షణా పోతుంది. అందుకే కనుబొమల పైన జింక్ ఆక్సైడ్ ఉన్న స్టిక్ రాసుకొని, చుట్టూ అంచున్న టోపీ పెట్టుకుంటున్నాను. చెవుల అంచులు, మెడ వెనుక భాగం, మోకాళ్ల వెనుక భాగం చాలామందికి గుర్తుకే రావు.

నీటిని తట్టుకుంటుందని డబ్బా మీద రాసినా, ఆ హామీ 40 లేదా 80 నిమిషాలకే పరిమితం. చెమటకు తడిసిన పలచని నూలు చొక్కా, పొడిగా ఉన్నప్పటి కన్నా ఎక్కువ కిరణాలను లోపలికి వదులుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక 3కు చేరితే జాగ్రత్త తప్పదు కనుక, నడి ఎండ వేళను తప్పించడమే అన్నిటికన్నా తేలిక. తెల్లవారుజామున లేవడానికి నాకు ఇప్పటికీ బద్ధకమే, అది వేరే సంగతి.