వద్దు అంటే ఆగాలి

ఇక్కడ డల్లాస్‌లో కొత్తగా ఎవరైనా తెలుగు వాళ్ళు పరిచయమైతే ఏం చేస్తుంటారండీ అని అడుగుతారు, ఏబీఏలో చేస్తున్నా అంటే అదేదో సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అని, ఆటిజం ఉన్న పిల్లలకి మాటలు, ప్రవర్తన నేర్పే థెరపీ అండీ అని చెప్తే చాలామంది గొంతు తగ్గించేస్తారు. కొంతమంది మాత్రం భోజనాలయ్యాక పక్కకి తీసుకెళ్ళి, మా వాడికి మూడేళ్ళు నిండాయి, ఇంకా మాటలు రాలేదు, ఎక్కడా అనకండి, అసలు ఈ థెరపీలో ఏం చేస్తారు అని అడుగుతారు. నిలబడి పది నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి నేను చూసింది ఇక్కడ రాస్తున్నా. ఇంటి వివరాలు, పిల్లాడి వివరాలు మార్చేశా.

మాది ఒంగోలు దగ్గర. బీఈడీ చేసి మూడేళ్ళు స్కూల్లో బయాలజీ చెప్పా. పెళ్ళయ్యాక 2016లో హెచ్4 (భర్త వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద వచ్చా, పని చేసే పర్మిషన్ లేదు. మా ఆయన గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అయ్యాక 2019లో ఈఏడీ కార్డు, అంటే పని చేసే పర్మిషన్ వచ్చింది. స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్దామనుకుంటుంటే పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే అక్క ఆర్‌బీటీ గురించి చెప్పింది. రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్, అంటే పిల్లల పక్కన కూర్చుని రోజూ సెషన్ నడిపే మనిషి. 40 గంటల ట్రైనింగ్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఒక సూపర్‌వైజర్ ముందు పని చేసి చూపించడం, తర్వాత 90 నిమిషాల్లో 85 ప్రశ్నల పరీక్ష. మన పైన బీసీబీఏ (బోర్డ్ సర్టిఫైడ్ బిహేవియర్ అనలిస్ట్) ఉంటారు, వాళ్ళకి మాస్టర్స్ ఉండాలి, వేల గంటల ఫీల్డ్‌వర్క్ ఉండాలి, ప్రోగ్రామ్ రాసేది వాళ్ళు, నడిపేది మేము. నెలలో మేం చేసే గంటల్లో కనీసం 5 శాతం వాళ్ళ సూపర్‌విజన్‌లో ఉండాలని రూల్.

పరీక్ష పాసవ్వడం పెద్ద పని కాదు. రోజు గడవడం కష్టం. పొద్దున ఇర్వింగ్‌లో ఒక ఇల్లు, మధ్యాహ్నం ప్లేనో, సాయంత్రం స్కూల్ వదిలాక ఫ్రిస్కో, మధ్యలో టోల్‌వే మీద ట్రాఫిక్, కార్లోనే పెరుగన్నం. ఇన్సూరెన్స్‌కి బిల్లు 15 నిమిషాల యూనిట్ల లెక్కన వెళ్తుంది కాబట్టి పిల్లాడికి జ్వరమొచ్చి సెషన్ క్యాన్సిల్ అయితే ఆ పూట నాకు జీతం లేదు, సగం దారి వెళ్ళాక మెసేజ్ వచ్చినా అంతే, నేను మొదట చేసిన కంపెనీలో అలాగే ఉండేది. నాతో పాటు చేరిన ఆరుగురిలో ఏడాది తిరిగేసరికి ఇద్దరమే మిగిలాం. పెద్దవాళ్ళు ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతారు, నాలుగు నెలలకోసారి మనిషి మారిపోతుంటే ఆ పిల్లలు ఎవర్ని నమ్మాలి? ఈ ఫీల్డ్‌లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక ఆ పిల్లాడి సంగతి. నాలుగేళ్ళ వాడు, తెలుగు వాళ్ళే. మాటలు దాదాపు లేవు. నేను వెళ్ళేసరికి వాడి ప్రోగ్రామ్‌లో మాటలన్నీ ఇంగ్లిష్‌వే, మోర్, ఆల్ డన్, వాటర్, ఓపెన్. వాళ్ళమ్మకి ఎవరో చెప్పారంట ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతాడని, అందుకని ఆవిడ తెలుగు మానేసి వాడితో ముక్కలు ముక్కలుగా ఇంగ్లిష్ మాట్లాడేది. ఈ మాట ఎంతోమంది తల్లులు నమ్మి తెలుగు వదిలేశారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాటలు వెనకబడతాయని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. పైగా ఆ ఇంట్లో పిల్లాడితో రోజంతా ఉండేది నెల్లూరు నుంచి వచ్చిన నాయనమ్మ, ఆవిడకి ఇంగ్లిష్ రాదు. వాడు కష్టపడి 'మో' అంటే ఆవిడకి అర్థం కాదు, అర్థం కాకపోతే ఏమీ రాదు, ఏమీ రాకపోతే ఆ మాట వాడికెందుకు?

సైకాలజిస్టు స్కిన్నర్ 1957లో రాసిన వర్బల్ బిహేవియర్ పుస్తకంలో మాండ్ అని ఒకటుంది, అంటే అడిగి పుచ్చుకునే మాట. పేరుకి మాట గానీ అది పని చెయ్యాలి, అవతలి మనిషి దానికి స్పందిస్తేనే అది నిలబడుతుంది. ఇదే నేను మా సూపర్‌వైజర్‌కి చెప్పా. ఆవిడ అమెరికన్, తెలుగు ఒక్క ముక్క తెలీదు, అయినా రెండు నిమిషాలు ఆలోచించి సరే, మాటలు మార్చేద్దాం, నువ్వు లిస్టు ఇవ్వు అంది. ఇద్దరం కూర్చున్నాం. నీళ్ళు, బువ్వ, రా, ఎత్తుకో, ఇంకా, వద్దు. ఒక్కో మాటకి వాడు ఎంతవరకు అంటే కరెక్ట్ అని టిక్ పెట్టాలో రాసుకున్నాం, 'నీ' అంటే నీళ్ళు, 'ద్దు' అంటే వద్దు. ఆవిడ ప్రతి మాటా నా చేత పదిసార్లు అనిపించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

అన్నిట్లోకీ కష్టమైంది వద్దు.

వాడికి కంచం విసిరే అలవాటు. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి మూడు. మా పనిలో ఏదైనా జరిగితే ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏమైంది అని మూడు గడుల్లో రాస్తాం. రెండు వారాలు రాసి చూస్తే తెలిసింది. నాయనమ్మ కలిపి పెడుతుంది, వాడు మూతి తిప్పుతాడు, ఇంకొక్క ముద్ద నాన్నా అంటుంది, చెయ్యి అడ్డం పెడతాడు, ఇదిగో కాకి ముద్ద అంటుంది, కంచం ఎగిరి గోడకి తగులుతుంది, అప్పుడు ఆగుతుంది. మూతి తిప్పితే ఆగలేదు, చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు, కంచం విసిరితేనే ఆగింది. అంటే వాడికి వద్దు అని చెప్పే దారి అదొక్కటే మిగిలింది, పెద్దవాళ్ళమే దగ్గరుండి నేర్పాం. 1985లో కార్, డ్యురాండ్ అని ఇద్దరు ఇదే విషయం పేపర్ రాశారు, గొడవ చేసి సాధించుకునేదాన్ని మాటతో సాధించుకోవడం నేర్పితే గొడవ తగ్గుతుందని. ట్రైనింగ్‌లో చదివా కానీ ఆ వంటింట్లో అన్నం మెతుకులు ఏరుతుంటే అర్థమైంది.

నాకేమో నాయనమ్మతో ఆ పూటే చెప్పేయాలని ఉంది. కానీ టెక్నీషియన్ సొంతంగా ఇంట్లో వాళ్ళకి సలహాలివ్వకూడదు, పేరెంట్ ట్రైనింగ్ బీసీబీఏ పని. తర్వాతి వారం సూపర్‌వైజర్ వచ్చింది, ఆవిడ చెప్తుంటే నేను తెలుగులో చెప్పా. వాడు 'ద్దు' అన్నా, చెయ్యి అడ్డం పెట్టినా ఆ ముద్ద అక్కడితో ఆపెయ్యండమ్మా అన్నా. పెద్దావిడ నా మొహం చూసి, పిల్లోడు ఆకలితో పడుకుంటే నీకేం పోయిందమ్మాయ్ అంది. కోపంగా కాదు, కళ్ళల్లో నీళ్ళతో అంది. మా అమ్మ కూడా సరిగ్గా అలాగే అంటుంది కాబట్టి నాకు బదులు రాలేదు. సూపర్‌వైజర్ ఏమందని అడిగితే ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పా. ఆవిడ వెంటనే పిల్లల డాక్టర్‌తో మాట్లాడి బరువు చూపిద్దాం, రోజుకి ఒక్క పూటే మొదలుపెడదాం, నాయనమ్మకి భయం వేసిన రోజు ఆపేద్దాం అంది.

ఏబీఏ అంటే పడని ఆటిస్టిక్ పెద్దవాళ్ళు ఉన్నారు, చిన్నప్పుడు థెరపీలో కూర్చున్నవాళ్ళే, వాళ్ళు చెప్పేవి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బలవంతంగా కళ్ళల్లోకి చూడమనడం, చేతులు ఊపితే పట్టుకుని ఆపడం. 1987లో లోవాస్ అనే సైకాలజిస్టు స్టడీ వచ్చాకే వారానికి 40 గంటల థెరపీ పేరు మోగింది, 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు ఫస్ట్ క్లాసు పూర్తి చేశారని అందరూ చెప్తారు, ఆ పద్ధతిలో గట్టిగా నో అని అరవడం, తొడ మీద కొట్టడం కూడా ఉన్నాయని తక్కువమంది చెప్తారు. శిక్షగా ఇచ్చే కరెంటు షాక్‌కి వ్యతిరేకంగా బిహేవియర్ అనలిస్టుల సంఘం ఏబీఏఐ సభ్యులు ఓటేసింది 2022లో, అంత ఆలస్యంగా. ఇవి తెలిసి కూడా ఈ పనిలో ఎలా ఉన్నావ్ అంటే, పిల్లాడు వద్దంటే ఆగడం నేర్పే సూపర్‌వైజర్ దగ్గర ఉన్నా కాబట్టి ఉన్నా. మీ ఇంటికి వచ్చేవాళ్ళు పిల్లాడు ఏడుస్తున్నా ట్రయల్స్ (ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడం) లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మానిపించెయ్యండి, మొహమాటపడొద్దు.

హైదరాబాద్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చేసే నా ఫ్రెండ్ నేనూ ఆర్‌బీటీ రాస్తానే అంటుంది. 2023 నుంచి ఈ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు బీఏసీబీ ఇండియాలో ఉన్నవాళ్ళ కొత్త అప్లికేషన్లు తీసుకోవట్లేదు, వేరే సంస్థల సర్టిఫికెట్లు చూసుకోవాల్సిందే. తెలుగులో పని చేసేవాళ్ళు కావాల్సింది అసలు అక్కడ, దాని దగ్గర నా దగ్గరకంటే మంచి ఓపిక ఉంది.

నాయనమ్మ ఆ ఒక్క పూట ఒప్పుకుంది. మొదటి వారం వాడు నాలుగు ముద్దలకే 'ద్దు' అనేవాడు, ఆవిడ కంచం పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. డాక్టర్ దగ్గర చూపిస్తే బరువు తగ్గలేదు. మూడో వారంలో కంచం విసరడం రెండు రోజులకోసారికి వచ్చింది. ఆవిడ వెళ్ళిపోయే ముందు సంక్రాంతి అని అరిసెలు కట్టి ఇచ్చింది, పది డాలర్లకి మించి తీసుకోకూడదని మా ఎథిక్స్ కోడ్‌లో ఉంది, నాలుగే తీసుకుంటానమ్మా అంటే నాలుగు పేపర్‌లో చుట్టి ఇచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం కూడా వాడు ఆరో ముద్దకి 'ద్దు' అన్నాడు. ఆవిడ ఆపేసింది. వాడు వెళ్ళి రైలు బొమ్మ తిప్పుకున్నాడు, రెండు మూడు నిమిషాలకి తిరిగొచ్చి ఆవిడ చెయ్యి పట్టి కంచం దగ్గరికి లాగి 'బూ' అన్నాడు. నేనేం ప్రాంప్ట్, అంటే సాయం ఇవ్వలేదు, ఐప్యాడ్‌లో 'సొంతంగా అడిగాడు' అనే గడిలో టిక్ పెట్టా. ఆవిడ మళ్ళీ కలుపుతూ, ఇంకొక్క ముద్ద అనబోయి నా వైపు చూసి, వాడే చెప్తాడులే అంది.