పొలం ఊళ్లో, సంతకం బెంగళూరులో

మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉంటూ, హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు ఐదో పదో ఎకరాలు గుత్తకో (ఏడాదికింతని కౌలు) కోరుకో (పంటలో వాటా) ఇచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అంతా నోటిమాట మీదే. కౌలు ఒప్పందం కాగితం సాగు చేసేవాళ్లు అడగరు, మనం ఇవ్వం. ఆ కాగితం లేనందుకు సేద్యం చేసేవాడి మీద ఎంత పడుతోందో ముందు చూద్దాం.

బ్యాంకులో పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కట్టేస్తే కేంద్రం 3 శాతం భరిస్తుంది కాబట్టి రైతుకి పడేది 4 శాతమే. కౌలు రైతుకి బయట దొరికేది నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. లక్ష పెట్టుబడికి 4 వేలు కట్టాల్సిన చోట 24 వేలు. పైగా అప్పిచ్చింది మండీ వ్యాపారి అయితే పంట కూడా ఆయనకే తోలాలి, ఆయన చెప్పిన ధరకే. ఊరి కిరాణా కొట్లో, టైలరు దగ్గర తిరగాల్సిన డబ్బు అక్కడే ఆగిపోతుంది. సర్కారు సాయాల్లో చాలావరకు పట్టాదారు పాస్‌బుక్ వెంట నడుస్తాయి, నాగలి వెంట కాదు. పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు భూమి పేరున్నవాళ్లకే. కౌలు కార్డు (ఒప్పందం రాసుకున్న కౌలు రైతుకి ఇచ్చే సాగుదారు హక్కు పత్రం) ఉన్నా రాదు. ఆదాయపు పన్ను కట్టే యజమానికీ రాదు. తీసుకుంటుంటే తిరిగి కట్టించుకుంటారు, జాగ్రత్త.

యజమానుల భయం ఊరికే పుట్టింది కాదు. 1956 నాటి కౌలు చట్టం రోజుల నుంచీ ‘రాసిస్తే భూమి పోతుంది’ అన్న మాట ఇళ్లలో నాటుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం సరిగ్గా ఆ భయానికే మందు. ఒప్పందం 11 నెలలకే. దాంతో వచ్చేది పంట మీద హక్కు, భూమి మీద కాదు. గడువు తీరితే కార్డు చెల్లదు, కావాలంటే మళ్లీ రాసుకోవాలి. ఇంత చేసినా యజమాని సంతకం తప్పనిసరి అని పెట్టడంతో సగం దారి మూసేసినట్టయిందని నా అభిప్రాయం. ఆ సంతకం చేయాల్సింది మనలాంటివాళ్లే మరి.

పని పెద్దదేం కాదు. నిర్ణీత ఫారంలో సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, కాలం రాసి వీఆర్వో ఎదుట ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలానికొచ్చి ఫొటో తీసి ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఆన్‌లైన్ నమోదులో, ఎక్కిస్తాడు. వేలిముద్ర ఎవరిదన్నది అక్కడ అసలు విషయం. కౌలుదారు పొలంలో లేడని మీ చిన్నాన్న వేలిముద్ర వేసేస్తే పంట మీ వాళ్ల పేరున పడుతుంది. ధాన్యం డబ్బులైనా బీమా సొమ్మైనా వాళ్ల ఆధార్ ఖాతాకే పోతాయి.

బ్యాంకు దగ్గర ఎక్కువగా బెడిసికొట్టేది ఇంకోటుంది. యజమాని అదే పొలం వన్‌బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు) చూపించి వ్యవసాయ బంగారు రుణం తీసుకుని ఉంటాడు, వడ్డీ తక్కువని. ఒకే పంటకి రెండు అప్పులివ్వరు. కౌలుదారు కార్డు పట్టుకుని నెలరోజులు తిరిగాక మేనేజరు ఆ మాట చెప్తాడు. సంతకం పెట్టేముందే ఆ అప్పు తీర్చండి, లేదా ఆ సర్వే నంబరు వదిలేసి, కౌలుకిచ్చినవాటిలోనే అప్పు లేని వేరే నంబరు రాసివ్వండి. రెండో చిక్కు, పొలం ఇంకా తాతగారి పేరునే ఉండటం. చనిపోయినవాళ్లు సంతకం పెట్టలేరు కదా! మీసేవలో మ్యుటేషన్‌కి (రికార్డులో పేరు మార్పుకి) దరఖాస్తు పెట్టాకే మిగతావన్నీ. అన్నదమ్ముల మధ్య పంపకం తేలకపోతే అది ఇంకా సాగుతుంది.

వేళ కూడా ముఖ్యం. శెనక్కాయ ఖరీఫ్ పంట. జూన్, జులైల్లో విత్తనం పడేలోగా రుణం చేతికి రావాలంటే మేలోనే సంతకం కావాలి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూద్దాంలే అనుకుంటే అప్పటికి కాయ మండీకి పోయి ఉంటుంది. ఉగాది సెలవులకి వెళ్లినప్పుడే వీఆర్వోని కలవండి.

ఇంట్లో నాన్నగారు ససేమిరా అంటే కౌలుదారుకి ఇంకో దారి ఉంది. నలుగురు నుంచి పదిమంది వరకు ఒకే ఊరి కౌలు రైతులు ఉమ్మడి పూచీ బృందంగా ఏర్పడితే పొలం కాగితాలు తాకట్టు లేకుండానే బ్యాంకు అప్పిస్తుంది. ఒకరికొకరు జామీను. ఒక్కరు ఎగ్గొట్టినా మిగతావాళ్లకి మళ్లీ అప్పు పుట్టదు. అందుకే పక్కపక్క పొలాలవాళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలిసినవాళ్లు కలిస్తేనే అది నిలబడుతుంది. ఒకే ఇంటి నుంచి ఇద్దరిని చేర్చకూడదు.