ఆర్కిటిక్ అడుగున వేసిన మేట: నా అనుభవం

మా నాన్న కోనసీమలో లంక రైతు. ఆర్కిటిక్ సముద్రం అడుగు మట్టి మీద థీసిస్ చేస్తున్నానని జర్మనీ నుంచి ఫోన్ చేసి చెబితే, "అక్కడ కూడా మేట వేస్తుందా అమ్మా?" అని అడిగారు. వేస్తుంది నాన్నా, కాకపోతే వెయ్యేళ్లకు ఒకటో రెండో సెంటీమీటర్లు అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. ఆ లెక్కే తర్వాత నన్ను మూడు నెలలు తిప్పలు పెట్టింది.

నాకు ఇచ్చిన కోర్ అముండ్‌సెన్ బేసిన్‌ది. ఉత్తర ధ్రువం దగ్గర, 4,000 మీటర్లకు పైగా లోతున గొట్టం గుచ్చి పైకి లాగిన మట్టి. నిలువునా రెండుగా చీల్చి చల్లటి గదిలో పెట్టారు. పైన చాక్లెట్ రంగు పొర, కింద బూడిద రంగు, మళ్లీ చాక్లెట్. ఆ ముదురు పొరల్లో మాంగనీస్ ఎక్కువ, అవి చాలావరకు వెచ్చటి కాలాలవి.

పని ఇదీ: సెంటీమీటరుకు ఒక ముక్క చొప్పున తీయాలి, ఫ్రీజ్ డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి, తూచాలి, 63 మైక్రాన్ల జల్లెడలో నీళ్లు పోస్తూ కడగాలి. మట్టంతా జారిపోయి జల్లెడలో చిటికెడు ఇసుక మిగులుతుంది. అందులోంచి ఫోరామ్‌ల (సముద్రంలో బతికే ఏకకణ జీవులు) గుల్లలను తడి బ్రష్ కొసతో ఒక్కొక్కటే ఏరాలి. నడి సముద్రంలోకి ఇసుక ఎలా వచ్చిందంటే, మంచు మోసుకొచ్చింది. సైబీరియా వైపు లాప్టెవ్ సముద్రం లోతు తక్కువ. అక్కడ నీరు గడ్డకట్టేటప్పుడు అడుగు మట్టి కూడా మంచులో ఇరుక్కుంటుంది. ఆ మంచు ధ్రువం మీదుగా కొట్టుకుపోతూ, కరిగిన చోటల్లా మట్టిని వదులుతుంది. గులకరాళ్లను ఎక్కువగా తెచ్చేవి హిమనదాల నుంచి విరిగిపడ్డ మంచుకొండలు. ఒకరోజు వెన్నలాంటి మట్టి మధ్యలో స్పాచులాకి టక్కున ఏదో తగిలింది. తీసి చూస్తే చింతగింజంత నల్లరాయి! చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

చిక్కంతా 12 నుంచి 47 సెంటీమీటర్ల మధ్య ఉన్న బూడిద రంగు పొరతో వచ్చింది. అందులో ఒక్క గుల్ల లేదు. వెయ్యేళ్లకు ఒక సెంటీమీటరు అనుకున్న నా లెక్కన 35 సెంటీమీటర్లంటే దగ్గర దగ్గర 35,000 ఏళ్లు. తీరా దాని పైనా కిందా ఏరిన గుల్లలకు కార్బన్ డేటింగ్ చేయిస్తే, రెండిటికీ వెయ్యేళ్ల తేడా కూడా రాలేదు. శాంపిళ్లు కలిసిపోయాయేమోనని టెన్షన్. మళ్లీ తీసి, మళ్లీ కడిగి, మళ్లీ ఏరాను. అదే జవాబు.

చివరికి మా గైడ్ వచ్చి, పొర అడుగు నుంచి కొంచెం, పైనుంచి కొంచెం తీసి నా వేళ్ల మధ్య రుద్దమన్నారు. కింద గరుకు, పైకి వచ్చేకొద్దీ మెత్తన. బేసిన్ అంచున వాలు మీదున్న మట్టి ఒక్కసారిగా జారి, చిక్కటి బురద ప్రవాహంలా అడుగంతా పరుచుకుంది. బరువైనవి ముందు దిగాయి, సన్నటివి తర్వాత. టర్బిడైట్ అంటారు దీన్ని. నేను 35,000 ఏళ్లు రాసుకున్న చోట మహా అయితే కొన్ని రోజులు.

ఆ రాత్రి నాన్నకు చెప్పాను. "86 వరదకి మన లంకలో మోకాలి లోతు వేసిందమ్మా. అంతకుముందు పదేళ్లలో జానెడు కూడా లేదు" అన్నారు. ఆయనకు అందులో వింతేమీ కనపడలేదు. అజొల్లా సంగతికే ఆశ్చర్యపోయారు. 2004లో పక్కనే ఉన్న లొమొనోసోవ్ రిడ్జ్ (సముద్రం అడుగున ఉన్న పర్వతశ్రేణి) మీద 400 మీటర్లకు పైగా తవ్వితే, సుమారు 4.9 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో అజొల్లా బయటపడింది. మన వరిమడుల్లో ఎరువుకు పెంచే అజొల్లాకు దగ్గరి చుట్టమే! ఫొటో పంపమన్నారు, పంపాను.

ఆ 35 సెంటీమీటర్లు తీసేసి గ్రాఫ్ మళ్లీ గీశాను. తేదీలు వరుసలో పడ్డాయి. ఇంకా 140 శాంపిళ్లు కడగాలి. చింతగింజంత రాయి నంబరు వేసిన గాజు సీసాలో ఉంది. వచ్చే నెల దాన్ని పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడతాం, ఏ తీరం నుంచి బయల్దేరిందో చూడాలి.