స్టేజీ ఆంప్ స్థానంలో ఇయర్‌ఫోన్లు: ఆరాధనలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించే వాడిగా నా అనుభవం

గుంటూరులో మేము ఆరాధించే మందిరం పెద్దది కాదు. 250 మంది కూర్చుంటే నిండిపోయే హాలు. పైన ఆర్‌సీసీ శ్లాబు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. ధ్వనిని పీల్చుకునేది అందులో ఏదైనా ఉందంటే అది కూర్చున్న మనుషులే. అటువంటి హాలులో 15 వాట్ల ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్) పెట్టుకుని చాలాకాలం ఎలక్ట్రిక్ గిటార్ వాయించాను. ఆ ఆంప్‌ను పక్కన పెట్టి ఇయర్‌ఫోన్లలో వినే పద్ధతికి మేము ఎలా మారామో, అందులో ఏది సులువుగా కుదిరిందో, ఏది ఎక్కువకాలం ఇబ్బంది పెట్టిందో, ఇదే ఆలోచనలో ఉన్న మన సంఘాల గిటారిస్టుల కోసం వివరంగా రాస్తున్నాను.

15 వాట్లంటే తక్కువే కదా అని చాలామంది అనుకుంటారు. చెవికి శబ్దం సగానికి తగ్గినట్టు అనిపించాలంటే వాట్లు సుమారు పదో వంతుకు పడిపోవాలి. అంటే 150 వాట్ల ఆంప్ ముందు 15 వాట్ల ఆంప్ వినికిడిలో సగం గట్టిగా ఉంటుంది. పైగా ట్యూబ్ ఆంప్‌లో మనం ఇష్టపడే నిండుదనం, వాల్యూమ్‌ను కొంత పెంచి పవర్ ట్యూబుల మీద భారం పడనిస్తే గాని పూర్తిగా రాదు. ఇక గిటార్ ఆంపులలో ఉండే 12 అంగుళాల స్పీకర్, ట్రెబుల్‌ను టార్చిలైటు వెలుగులా తిన్నగా ఒకే వైపు పంపుతుంది. ఆంప్ నేలమీద నా మోకాళ్ళ వెనక ఉండేది కాబట్టి నాకు మందంగానూ, దానికి సూటిగా కూర్చున్న మూడో వరుస వారికి కటువుగానూ వినిపించేది. ఆ వరుసలో ఎప్పుడూ కూర్చునే ఒక మామ్మగారు ఆరాధన అయ్యాక నన్ను పిలిచి, "నాయనా, నీ వాయిద్యం బాగుంటుంది గాని, నేను పాడే పాట నాకే వినబడటం లేదురా" అన్నారు. సంఘం పాడటానికి ఊతంగా ఉండవలసిన వాయిద్యం, ఆ పాటకే అడ్డు పడుతోందన్నది ఆ మాటలో నాకు తగిలిన విషయం. మారాలన్న నిర్ణయం అక్కడే జరిగింది.

నేరుగా ఇయర్‌ఫోన్లకు వెళ్ళలేదు. మొదట ఆంప్‌ను స్టూలు మీదికి ఎత్తి, వెనక్కి వంచి, స్పీకర్ నా ముఖం వైపు చూసేలా పెట్టాము. ఖర్చు లేని ఈ మార్పుతోనే వాల్యూమ్ బాగా తగ్గించగలిగాను; ఇయర్‌ఫోన్లు కొనే స్తోమత లేని సంఘాలు ఈ ఒక్క పని చేసినా మేలు. తరువాత ఆంప్‌ను వేదిక వెనక గదిలో పెట్టి, దాని ముందు మైకు ఉంచి, నా దగ్గర ఫ్లోర్ మానిటర్‌లో, అంటే వాయించేవారి వైపు తిప్పి నేలమీద పెట్టే స్పీకర్‌లో, విన్నాను. అప్పుడు హాలు వైపు గోల తగ్గింది గాని, మానిటర్ శబ్దం పాడేవారి మైకులలోకి చేరి వారి గొంతులను మసకబార్చింది. వేదిక మీద స్పీకర్ అనేది ఉన్నంతకాలం ఈ చిక్కు ఏదో ఒక రూపంలో ఉంటుందని అర్థమయ్యాక సంఘ పెద్దలతో మాట్లాడాము.

కానుకల డబ్బుతో కొనేవి కాబట్టి పెద్దలు గట్టిగానే అడిగారు. ఉన్న ఆంప్ చెడిపోలేదు కదా, కొత్త పరికరాలు దేనికన్నారు. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్‌తో మూడో వరుసలో కొలిచి చూపించాను. ఫోన్ కొలత ఖచ్చితమైనది కాదన్న మాట ముందే చెప్పినా, అంకె 95 డెసిబెళ్ళు దాటడం వారిని ఆలోచింపజేసింది. అమెరికాలో వృత్తిపరమైన ఆరోగ్యాన్ని చూసే నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు 8 గంటలు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ సమయం సగమవుతూ, 100 డెసిబెళ్ళ దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతుంది. మా ఆరాధనలో పాటల భాగమే అంతకంటే ఎక్కువసేపు సాగుతుంది. అయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు.

కొన్నవి ఇవి: 18 చానెళ్ళు, 6 ఆక్స్ అవుట్‌పుట్లు (ఒక్కొక్కరికి విడిగా మిక్స్ పంపే దారులు) ఉన్న డిజిటల్ మిక్సర్, దానికి విడిగా ఒక వైఫై రౌటర్, వాయించేవారికి తలా ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, వైరు ఉన్న ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు. ఆంప్‌కు బదులుగా ఆంప్‌నూ స్పీకర్ క్యాబినెట్‌నూ అనుకరించే ఒక పెడల్ నేను సొంతంగా కొనుక్కున్నాను. వైర్‌లెస్ జోలికి పోలేదు. గిటారిస్టు ఎలాగూ ఒక కేబుల్‌తో కట్టుబడి ఉంటాడు. ఇంకొక వైరు కలిసినంత మాత్రాన పోయేది లేదు, బ్యాటరీల బెడదా సిగ్నల్ తెగే భయమూ ఉండవు.

మొదటి ప్రాక్టీసులో గిటార్ శబ్దం ఈగ ముసురులా వచ్చింది. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ పలకదు. మనకు అలవాటైన గిటార్ గొంతు ఆ కోతతో ఏర్పడినదే. ఇయర్‌ఫోన్ మాత్రం అన్నిటినీ పలుకుతుంది. అందుకే పెడల్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే ఇంపల్స్ రెస్పాన్స్, తప్పకుండా ఆన్‌లో ఉండాలి. దాని మీద 6 కిలోహెర్ట్జ్ పైవాటిని తగ్గించే హై కట్, 100 హెర్ట్జ్ కిందివాటిని తగ్గించే లో కట్ పెట్టాక శబ్దం దారికి వచ్చింది. డిజిటల్ పరికరాల వల్ల ఆలస్యం అవుతుందేమో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ధ్వని గాలిలో ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. పెడల్, మిక్సర్ కలిసి తీసుకునే సమయం, ఆంప్‌కు ఒకటి రెండు మీటర్ల దూరంలో నిలబడి వాయించినదానికి సమానం. వాయించే చేతికి అది తెలియలేదు.

మేము ఒక్కొక్కరికి ఒక్క ఆక్స్ మాత్రమే ఇచ్చుకోగలిగాము కాబట్టి నా చెవులలో వినిపించేది మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం. గిటార్‌ను ఒక పక్కకు, కీబోర్డును ఇంకొక పక్కకు జరిపే వీలు లేదు. అందుచేత ఎవరి శబ్దం ఎంత కావాలన్నది జాగ్రత్తగా కట్టుకోవలసి వచ్చింది: ముందు పాట నడిపించేవారి గొంతు, తరువాత శృతి కోసం కీబోర్డు, తాళం కోసం ప్యాడ్స్, ఆ మూడూ స్పష్టంగా నిలిచాక వాటి మీద నా గిటార్. నా గిటార్‌ను ముందు పెంచుకుని మిగతావి చేర్చడానికి ప్రయత్నిస్తే అన్నిటినీ పెంచుకుంటూ పోవడమే మిగులుతుంది. ఎవరి మిక్స్‌ను వారు ఫోన్‌లోనే మార్చుకోగలగడం వల్ల, మిక్సర్ చూసే తమ్ముడికి ఆరాధన మధ్యలో చేతి సైగలు చేసే అవసరం తప్పింది. హఠాత్తుగా మైకు కింద పడినా కూత వచ్చినా చెవులకు దెబ్బ తగలకుండా, ప్రతి ఆక్స్ మీదా శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ పెట్టించాము. దీన్ని పెట్టకుండా ఎవరూ ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

హమ్మింగ్ గురించి ఒక్క మాట. పెడల్‌ను మిక్సర్‌కు కలిపినప్పుడు మోత వస్తే, ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవారు మన ఊళ్ళలో ఉన్నారు. అది ప్రాణాపాయం, ఒక చేతిలో గిటార్ తీగలు, పెదవుల దగ్గర మైకు ఉన్న మనిషికి మరీను. డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు అనువుగా మార్చే చిన్న పెట్టె) మీద, కరెంటు ఎర్తును ముట్టుకోకుండా సిగ్నల్ వైరు గ్రౌండ్‌ను మాత్రమే విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది సరిగ్గా ఈ పనికే, దానితో మా మోత ఆగిపోయింది.

అసలు కష్టం సాంకేతికమైనది కాదు. చెవులు పూర్తిగా మూసుకునే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక ప్రతి వాయిద్యం ఇంతకుముందెన్నడూ లేనంత శుభ్రంగా వినిపించింది గాని, సంఘం మాయమైంది. కళ్ళ ముందు అందరూ చేతులెత్తి పాడుతున్నారు, నా చెవులలో మాత్రం ఎవరూ లేరు. ఎవరి పాటకు ఊతంగా ఉండటానికి ఆంప్‌ను తీసేశానో ఆ పాటే నాకు వినబడకపోవడం నన్ను చాలా వారాలు బాధించింది. పల్లవిని మరోసారి ఎత్తుకోబోతున్నారా, చరణం చివర సంఘం సాగదీస్తోందా, అయ్యగారు ప్రార్థనలోకి వెళ్తున్నారా అన్నవి వాయించేవాడికి గాలిలోంచి తెలియాలి. ఈ ఇబ్బందికి చాలామంది ఒక ఇయర్‌ఫోన్ తీసేసి వాయిస్తారు. ఒక్క చెవితో వింటే శబ్దం తక్కువగా తోస్తుంది కాబట్టి తెలియకుండానే ఆ చెవిలో వాల్యూమ్ పెంచేస్తాము. తెరిచిన చెవి వేదిక మీది మోతకు గురవుతుంది. రెండు చెవులకూ నష్టమే.

మాకు పనికొచ్చిన పరిష్కారం, వేదిక అంచున రెండు కండెన్సర్ మైకులను సంఘం వైపు తిప్పి పెట్టడం. వాటిని హాలు స్పీకర్లకు పంపము, మా చెవులకే పంపుతాము. వాటిని కలిపిన మొదటి ఆదివారం, పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి పాడుతున్నప్పుడు, వెనక వరుసలలో స్త్రీలు ఒక స్వరం పైన అందుకోవడం నాకు ఇయర్‌ఫోన్లలో వినిపించింది. ఆంప్ పక్కన నిలబడి వాయించిన రోజులలో కూడా అంత స్పష్టంగా విన్న జ్ఞాపకం లేదు. ఈ మైకులను అలంకారంగా భావించి ఆఖరున కొనేవారున్నారు. నన్ను అడిగితే డబ్బు తక్కువైనప్పుడు గిటార్ పెడల్‌ను వాయిదా వేసైనా వీటిని ముందు కొనమంటాను.

ఇంకొకటి కూడా మనవారికి ప్రత్యేకంగా అవసరం. మన ఆరాధనలో పాటలన్నీ ముందుగా నిర్ణయించినవి కావు. వాక్యం మధ్యలో అయ్యగారికి ఒక కీర్తన గుర్తొస్తే తనకు వచ్చిన శృతిలో ఎత్తుకుంటారు. పూర్వం కీబోర్డు వాయించే అన్న వేళ్ళు చూసి అందుకునేవాళ్ళము. ఇప్పుడు ఆ అన్న దగ్గర స్విచ్ ఉన్న ఒక మైకు ఉంది, అది హాలులోకి వెళ్ళదు. అయ్యగారు మొదటి పాదం పాడుతుండగానే ఆ అన్న "రెండున్నర" అని శృతి పేరు మా చెవులలో చెప్తారు. రెండో పాదానికి అందరమూ కలుస్తాము.

పోయిందల్లా ఒకటి: ఆంప్ ముందు నిలబడి ఒక స్వరాన్ని నొక్కి పట్టుకుంటే స్పీకర్ గాలికి తీగ తిరిగి కంపించి ఆ స్వరం ఆరిపోకుండా నిలబడేది. కంప్రెసర్ పెడల్ దానిని కొంత అనుకరిస్తుంది, పూర్తిగా ఇవ్వదు. అందుకే ఆంప్‌ను అమ్మలేదు. వేసవిలో బయట మైదానాలలో జరిగే ఉజ్జీవ సభలకు దానినే తీసుకెళ్తాను. గోడలు లేని చోట, మొదటి వరుస చాలా దూరంలో ఉన్న చోట, అది ఎవరినీ బాధించదు.

పాడేవారిలో ఇద్దరు చెల్లెళ్ళకు ఇయర్‌ఫోన్లు పడలేదు. చెవి మూసుకున్నప్పుడు సొంత గొంతు తల లోపల గుమ్మంటూ వినిపిస్తుంది, దానివల్ల శృతి తప్పుతున్నామని వారు చెప్పింది నిజమే. వారి కోసం ఒక ఫ్లోర్ మానిటర్ ఉంచాము. పక్కన గిటార్ ఆంప్ లేదు కాబట్టి దానిని ఇప్పుడు చాలా తక్కువలో నడిపినా సరిపోతోంది, మూడో వరుస దాకా దాని మోత చేరడం లేదు.